బీఎంపీ280 వాయుపీడన సంవేదకం అమరిక

బీఎంపీ280 అనేది జర్మనీకి చెందిన బాష్ సెన్సార్‌టెక్ సంస్థ తయారుచేసిన డిజిటల్ వాయుపీడన సంవేదకం (సెన్సార్). 1643లో టోరిసెల్లి పాదరసంతో నిర్మించిన భారమితి చేసే పనినే ఇది 2.5 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు గల లోహపు పెట్టెలో చేస్తుంది. గాలి పీడనానికి లోపలి పలుచని పొర వంగినపుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును సంఖ్యగా మార్చి, రిజిస్టర్లు అనబడే గడులలో ఉంచుతుంది. 300 నుండి 1100 హెక్టాపాస్కళ్ల వరకు కొలవగలదు.

పాదరస భారమితిని గోడకు తగిలిస్తే చాలు, పనిచేస్తుంది. ఈ సంవేదకానికి మాత్రం ఏమి కొలవాలో, ఎలా కొలవాలో ముందుగా తెలపాలి. తెలపకపోయినా అది దోషం చూపదు, అడిగిన వెంటనే ఏదో ఒక సంఖ్యను ఇస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

గుర్తించుట

రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరుకు దీనిని ఐ2సి అనే రెండు తీగల పద్ధతిలో కలుపుతారు. సరఫరా 3.3 వోల్టులు. లినక్సులో ఐ2సి-టూల్స్ అనే ఉపకరణాల సముదాయం ద్వారా సంవేదకానికి ఆదేశాలు పంపవచ్చును. ఇక్కడ తెలుగు లిపిలో చూపిన ఆదేశాలను టెర్మినల్‌లో ఆంగ్ల చిన్న అక్షరాలతో టైపు చేయాలి. సంఖ్యకు ముందు వచ్చే "0ఎక్స్" అది హెక్సాడెసిమల్ సంఖ్య అని తెలుపుతుంది.

ఐ2సిడిటెక్ట్ -వై 1

ఈ ఆదేశానికి వచ్చే పట్టికలో 76 గాని 77 గాని కనిపించాలి. ఎస్‌డీవో అనే కాలును భూమికి కలిపితే మొదటిది, సరఫరాకు కలిపితే రెండవది సంవేదకం చిరునామా అవుతుంది. సంఖ్యకు బదులు "యుయు" అని కనిపిస్తే లినక్సు డ్రైవరు అప్పటికే దానిని వాడుతున్నదని అర్థం.

ఐ2సిగెట్ -వై 1 0ఎక్స్76 0ఎక్స్‌డి0

దీనికి 58 జవాబుగా వస్తే అది బీఎంపీ280. 60 వస్తే, తేమను కూడా కొలిచే బీఎంఈ280. చూడటానికి రెండింటి పలకలు ఒకేలా ఉంటాయి కనుక పైన ముద్రించిన పేరు కన్నా ఈ జవాబునే నమ్మాలి.

అమర్చుట

విద్యుత్తు అందగానే సంవేదకం నిద్రావస్థలో ఉంటుంది. అప్పుడు పీడనం, ఉష్ణోగ్రతల గడులలో 80, 00, 00 అనే విలువలే ఉంటాయి. వీటిని నిజమైన కొలతగా భావించి లెక్కిస్తే గది ఉష్ణోగ్రతను పోలిన సంఖ్య వచ్చే అవకాశం ఉన్నది. అందుచేత పొరపాటు చాలాసేపు బయటపడకపోవచ్చు.

ఐ2సిసెట్ -వై 1 0ఎక్స్76 0ఎక్స్ఎఫ్5 0ఎక్స్‌బి0
ఐ2సిసెట్ -వై 1 0ఎక్స్76 0ఎక్స్ఎఫ్4 0ఎక్స్57

మొదటి ఆదేశం రెండు కొలతల మధ్య 1 సెకను విరామాన్ని, తలుపు వేసినపుడు కలిగే క్షణికమైన ఒత్తిడి మార్పులను అణచే వడపోతను నిర్ణయిస్తుంది. రెండవది సంవేదకాన్ని మేల్కొలుపుతుంది. 57ను ద్విసంఖ్యామానంలో వ్రాస్తే 01010111. ఎడమవైపు మూడు బిట్లు (010) ఉష్ణోగ్రతను 2 సార్లు, తరువాతి మూడు (101) పీడనాన్ని 16 సార్లు కొలిచి సగటు తీయమంటాయి. చివరి 11 అంటే ఆగకుండా కొలుస్తూ ఉండమని. 01 అని ఇస్తే ఒక్కసారి కొలిచి మరల నిద్రపోతుంది, గడులలో మాత్రం పాత విలువ అలాగే నిలిచి ఉంటుంది.

ఈ రెండు ఆదేశాల క్రమం మార్చరాదు. మేల్కొని కొలుస్తున్న సమయంలో ఎఫ్5 గడిలో వ్రాసినది అమలు కాకపోవచ్చును. వ్రాసిన తరువాత ఐ2సిగెట్‌తో రెండు గడులను తిరిగి చదివి సరిచూసుకోవడం మంచిది.

చదువుట

ఐ2సిట్రాన్స్‌ఫర్ -వై 1 డబ్ల్యు1@0ఎక్స్76 0ఎక్స్ఎఫ్7 ఆర్6

దీనితో పీడనం మూడు బైట్లు, ఉష్ణోగ్రత మూడు బైట్లు ఒకేసారి వస్తాయి. బైట్లను విడివిడిగా చదివితే ఒక కొలతలోని సగం, తరువాతి కొలతలోని సగం కలిసిపోయే ప్రమాదం ఉన్నది.

వచ్చినది ఇంకా పీడనం కాదు. ఏ రెండు సంవేదకాలూ ఒకేలా వంగవు కనుక కర్మాగారంలోనే ఒక్కొక్కదానికి 12 క్రమాంకన గుణకాలను నిర్ణయించి 88 నుండి 9ఎఫ్ వరకు గల గడులలో భద్రపరుస్తారు. ఉష్ణోగ్రతకు 3, పీడనానికి 9. తయారీదారు ఇచ్చిన సూత్రం ప్రకారం ముందు ఉష్ణోగ్రతను, దాని సాయంతో పీడనాన్ని లెక్కించాలి. కావున పీడనం ఒక్కటే కావలసినవారు కూడా ఉష్ణోగ్రత కొలతను ఆపరాదు. గుణకాలలో ప్రతి వర్గంలోని మొదటిది తప్ప మిగిలినవన్నీ ధన, ఋణ విలువలు తీసుకోగలవు. సొంతంగా ప్రోగ్రాము వ్రాసేవారు తరచు తప్పేది ఇక్కడే.

ఎత్తును బట్టి సవరణ

సముద్రమట్టం దగ్గర సుమారు ప్రతి 8 మీటర్ల ఎత్తుకు పీడనం 1 హెక్టాపాస్కల్ తగ్గుతుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న హైదరాబాదులో ఈ సంవేదకం 950 హెక్టాపాస్కళ్లకు అటూఇటూగా చూపడం సహజం. విశాఖపట్నం తీరాన అదే సంఖ్య కనిపిస్తే అది తీవ్ర తుఫాను లక్షణం. వాతావరణ పటాలలో చూపే విలువలు సముద్రమట్టానికి సవరించినవి. బీఎంపీ280లో ఎత్తును నమోదు చేసే గడి ఏదీ లేదు కనుక ఈ సవరణను చదివే ప్రోగ్రాములోనే చేయవలసి ఉంటుంది.