యంత్రంలో తెలుగు అక్షరం

అక్షరమంటే నశించనిదని మన పెద్దలు వ్యుత్పత్తి చెప్పినారు. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరమైనా, సీసపు అచ్చుతో కాగితం మీద పడిన అక్షరమైనా, కంటికి కనబడే ఆకారమే దాని ఉనికి. ఆకు చివికిపోవచ్చు, కాగితానికి చెదలు పట్టవచ్చు. ఉన్నంతకాలం మాత్రం అందులోని 'క' చదవనేర్చిన వారందరికీ 'క'గానే కనబడుతుంది. కంప్యూటరులో చేరిన అక్షరం సంగతి అట్లా కాదు. అక్కడ ఆకారం వేరు, ఉనికి వేరు. నేడు మన రచనలలో చాలా భాగం యంత్రంలోనే పుడుతున్నవి కనుక ఈ భేదం తెలిసి ఉండడం రచయితకు అవసరం.

యంత్రం దాచుకొనేది సంఖ్యలనే. 1963లో అమెరికాలో ఏర్పడిన ఆస్కీ సంకేతావళిలో ఉన్నవి 128 సంఖ్యలు. అందులో రోమన్ లిపికి తప్ప మరొక లిపికి చోటు లేదు. ప్రపంచ లిపులన్నిటికీ చోటు కల్పించే ఉద్దేశంతో 1991లో యూనికోడ్ మొదటి కూర్పు వెలువడినది. భారతదేశంలో అంతకుముందే రూపొందిన ఇస్కీ క్రమాన్ని అనుసరించి, అందులో తెలుగుకు 128 గళ్ళు కేటాయించినారు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు మొదలైనవాటికి వేరువేరు సంఖ్యలున్నవి. వత్తులకు మాత్రం లేవు. హల్లు తరువాత పొల్లు, దాని తరువాత మరొక హల్లు వచ్చినప్పుడు రెండవదానిని వత్తుగా చూపవలెనని నియమం.

'స్త్రీ' అనే మాటను చూడండి. ఛందస్సు ప్రకారం అది ఒకే అక్షరం, ఒక గురువు. వ్యాకరణ రీత్యా అందులో నాలుగు వర్ణాలు: మూడు హల్లులు, ఒక అచ్చు. యంత్రానికి మాత్రం అవి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావలెను. అంటే ఈ ఒక్క అక్షరానికి 18 బైట్లు. ఆంగ్లాక్షరానికి ఒక్కటి చాలును. ఇన్ని అక్షరాలకు మించరాదని యంత్రం హద్దు పెట్టినప్పుడు, అది లెక్కించేది మన అక్షరాలనో, ఈ సంకేతాలనో తెలుసుకొనవలసి ఉంటుంది.

ఈ సంకేతాల వరుసను చదివి, తగిన ఆకారాన్ని కూర్చి తెర మీద చూపే పని మరొక ప్రోగ్రాముది. అందులో పొరపాటు జరిగితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసినది. 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన వరుసలో వచ్చినప్పుడు ఆపిల్ సంస్థ ఫోనులలో దానిని చూపబోయిన ప్రోగ్రాములు ఆగిపోయినవి. మళ్ళీ తెరిస్తే అదే అక్షరం మళ్ళీ ఎదురై, మళ్ళీ ఆగిపోయేవి. ఆ వరుసలో జ, పొల్లు, ఞ, దీర్ఘాలతోపాటు కంటికి కనబడని సంకేతమొకటి ఉన్నది. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలలో వకారం వత్తుగా మారకుండా పొల్లును నిలబెట్టేది ఆ సంకేతమే. ఆ నెల 19న సంస్థ సవరణ విడుదల చేసినది. బెంగాలీ, దేవనాగరి లిపులలో సైతం ఇటువంటి వరుసలు ఉన్నట్లు తేలినది. జనం దీనికి తెలుగు అక్షరమని పేరు పెట్టినారుగాని, దోషం అక్షరానిది కాదు, దానిని కూర్చిన ప్రోగ్రాముది.

ఆ దోషం కొద్ది రోజులలో తీరినది. ఏండ్లుగా తీరనిది మరొకటి ఉన్నది. యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు, ఆ తరువాత కూడ, అచ్చుపనికి వాడిన అనేక తెలుగు ఫాంటులు తలకట్లను, వత్తులను, కొమ్ములను ఆంగ్లాక్షరాల సంఖ్యల మీద కూర్చోబెట్టినవి. అట్లా దాచిన రచనలో ఉన్నవి తెలుగు అక్షరాల సంఖ్యలు కావు. ఆ ఫాంటు ఉన్నంతవరకు కావ్యం కావ్యంగా కనబడుతుంది; అది లేని యంత్రంలో అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపుగా మిగులుతుంది. అందులో ఒక మాటను వెదకడానికి వీలులేదు. మార్చే సాధనాలున్నవిగాని, వత్తులు తారుమారైన చోట మూలం తెలిసినవారు కూర్చుండి దిద్దవలసినదే. అచ్చుప్రతి కూడ దొరకనినాడు ఆ రచన గతి ఏమిటి?

యూనికోడ్ సైతం ఒక్కసారిగా పూర్తియైనది కాదు. దంత్య చ, జలకు ప్రత్యేక రూపాలైన ౘ, ౙ అందులో చేరినది 2008లో. ప్రాచీన గ్రంథాలలో కనబడే నకారపొల్లుకు చోటు దొరికినది 2021లో. అంతవరకు మూలప్రతిని ఉన్నదున్నట్లు యంత్రంలోకి ఎత్తదలచిన పరిష్కర్తకు ఆ గుర్తుకు ప్రత్యేక సంకేతం లేదు.

ఇప్పుడు భాషను అనుకరించి వాక్యాలు కూర్చే యంత్రాలు వచ్చినవి. అవి పాఠాన్ని తరచుగా కనబడే తునకలుగా విడగొట్టుకొని చదువుతవి. అవి నేర్చుకొన్న పాఠంలో ఆంగ్లం విస్తారం కనుక వాడుక ఆంగ్లపదం తరచు ఒకే తునక అవుతుంది. తెలుగుపదం అనేక తునకలవుతుంది, ఒక్కొక్కప్పుడు అక్షరమే విరిగిపోతుంది. తునకల లెక్కన వెల కట్టేచోట తెలుగువాడు అదే భావానికి ఎక్కువ చెల్లించవలసి వస్తుంది. ఈ కొరత తీరవలెనంటే సరియైన సంకేతాలలో ఉన్న మంచి తెలుగు పాఠం సమృద్ధిగా ఉండవలెను.

ఆ పాఠాన్ని సమకూర్చవలసినది రచయితలు, ప్రచురణకర్తలు. అచ్చుకు ఏ ఫాంటు వాడినా, రచన ప్రతి ఒకటి యూనికోడ్‌లో ఉండవలెను. పాత ప్రతులను తెరిచే యంత్రాలు, మూలాన్ని ఎరిగిన మనుషులు ఉండగానే వాటిని మార్చి, దిద్ది, భద్రపరచుకొనవలెను. యంత్రంలో అక్షరం దానంతట అది అక్షరం కాదు. దానిని అట్లా నిలుపుకొనవలసినది మనమే.