పొగగొట్టానికీ శ్రుతి ఉన్నది

విజయవాడ నుండి హైదరాబాదు పోయే రహదారి చిల్లకల్లు మీదుగా సాగుతుంది. జగ్గయ్యపేట ప్రాంతపు సిమెంటు లారీలు, నందిగామ వైపు పోయే కార్లు, మోటారు సైకిళ్లు ఆ దారిని రేయింబవళ్లు నడుస్తూనే ఉంటవి. అట్టి దారుల ప్రక్కన కాపురముండేవారికి చెవులు చిల్లులు పడేటట్లు మ్రోగుతూ పోయే బండ్లు క్రొత్త కావు. సైలెన్సరు కోసివేస్తే బండికి బలం వస్తుందని కొందరు యువకుల నమ్మకం. పందెపు కారుకు పొగగొట్టాన్ని ఎట్లు రూపొందిస్తారో తెలిసికొంటే, ఆ నమ్మకంలోని నిజమెంతో తేలిపోతుంది.

సిలిండరులో ఇంధనం మండి పిస్టనును నెట్టిన తరువాత, కాలిన వాయువు బయటికి పోవలెను. అది కొంత లోపల నిలిచిపోతే ఆ మేరకు తాజా గాలికి, ఇంధనానికి చోటు తగ్గుతుంది. ఇంజను బలమూ తగ్గుతుంది. కనుక సిలిండరును శుభ్రంగా ఊడ్చివేయడమే మంచి పొగగొట్టం చేయవలసిన పని.

పొగ పోయే కవాటం తెరుచుకోగానే వాయువు ఒక్క దెబ్బగా గొట్టంలోనికి దూకుతుంది. ఆ దెబ్బకు ఒక పీడన తరంగం పుట్టి, గొట్టం చివరకు పరుగెత్తుతుంది. గొట్టం విశాలమైన చోటికి తెరుచుకొన్నప్పుడు ఆ తరంగం తిరగబడి, పీల్చే గుణం గల తరంగమై వెనుకకు వస్తుంది. కవాటం మూతపడబోయే ముందు అది సిలిండరును చేరితే, మిగిలిన పొగను లాగివేసి తాజా మిశ్రమాన్ని కూడ లోనికి రప్పిస్తుంది. వేళ తప్పి చేరితే ఆ మేలు దక్కదు.

చిన్న లెక్క చూడండి. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. అంటే సెకనుకు 100 చుట్లు. తరంగం పోయి రావడానికి ఒక చుట్టులో మూడవ వంతు వ్యవధి ఉన్నదనుకొంటే, అది సెకనులో 300వ వంతు. వేడి పొగలో ధ్వని సెకనుకు సుమారు 540 మీటర్లు పోతుంది గనుక, ఆ వ్యవధిలో 1.8 మీటర్లు నడుస్తుంది. రానూపోనూ కలిపి ఇంత దూరం గనుక, గొట్టం పొడవు 90 సెంటీమీటర్లు ఉండవలెను. 3,000 చుట్లకైతే అదే లెక్కన 1.8 మీటర్లు కావలెను. సన్నాయి పొడవును బట్టి శ్రుతి ఏర్పడినట్లే, గొట్టం పొడవును బట్టి ఇంజనుకు అచ్చివచ్చే వేగం ఏర్పడుతుంది. అన్ని వేగాలకూ సరిపడే పొడవు లేదు.

గొట్టపు వెడల్పు సంగతీ అట్టిదే. మరీ ఇరుకైతే పొగకు అడ్డు తగులుతుంది. మరీ వెడల్పైతే పొగ వేగం మందగించి, లాగే శక్తి తగ్గుతుంది. నాలుగు సిలిండర్ల కారులో సాధారణంగా 1, 3, 4, 2 వరుసలో ఇంధనం మండుతుంది. అందుచేత 1కి 4ను, 2కు 3ను జతచేసి, ఆ రెండు గొట్టాలను తిరిగి ఒకటిగా కలిపితే నడిమి వేగాలలో లాగుడు బాగుంటుంది. నాలుగింటిని ఒక్కచోటనే కలపడం పందెపు వేగాలకు అనువు. పని తెలిసినవారు ఒకసారికి ఒక్క కొలతనే మార్చి, బలాన్ని యంత్రంపై కొలిచి చూచి, అప్పుడు నిర్ణయిస్తారు. చెవితో నిర్ణయించరు.

రెండు స్ట్రోకుల ఇంజనులో ఈ శ్రుతి మరింత ముఖ్యం. 1950ల దశాబ్దిలో తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. సంస్థలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు, నడుమ ఉబ్బి చివర సన్నగిల్లే గొట్టాన్ని తీర్చిదిద్ది చిన్న ఇంజనులకు గొప్ప బలం చేకూర్చినాడు. మన యువకులు నేటికీ మక్కువ పడే యమహా ఆర్.ఎక్స్. 100 బండి గొట్టంలోనూ ఈ సూత్రమే ఉన్నది. దానిని తెలియక కోసివేసినవాడు బలాన్నే కోసివేసినవాడవుతాడు.

సైలెన్సరు లోపలి అరలు, చిల్లుల గొట్టాలు ధ్వనిని అణచడానికి ఏర్పడినవి. వాటిని తీసివేస్తే రొద పెరగడం నిశ్చయం, బలం పెరగడం సందేహం. పొగలోని విషాన్ని తగ్గించే భాగాన్ని కూడ తొలగిస్తే, ఆ విషం దారి ప్రక్క ఇండ్లలోని పసిపిల్లలు పీల్చే గాలిలో కలుస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, ధ్వని, కాలుష్య ప్రమాణాలను అతిక్రమించిన వాహనం నడిపితే మొదటి తప్పుకే 10,000 రూపాయల వరకు జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చును.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరం ఒడ్డున విద్యుత్తు కార్ల పందెం జరిగింది. ఆ కార్లకు పొగగొట్టమే లేదు. బలానికి కొలత రొద కాదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.