ఆ చెయ్యి ఎక్కడ ఆగిపోతోంది?

భుజం నొప్పి అంటూ వచ్చిన తెలుగావిడని "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగితే "ఈ మధ్యేనండీ" అంటారు. అదే "జడ వేసుకోవడం ఎప్పుడు మానేశారు?" అని అడిగితే లెక్క సరిగ్గా వస్తుంది. "సంక్రాంతికి ఊరెళ్లి వచ్చినప్పటి నుంచి క్లిప్పు పెట్టేసుకుంటున్నాను." అంటే ఏడెనిమిది నెలలు. ఈలోపు జాకెట్టు హుక్కులు వెనక నుంచి ముందుకి మారి ఉంటాయి. పై అరలో పప్పుల డబ్బాలు కిందికి దిగి ఉంటాయి. చెయ్యి చేయలేని పనులను ఒక్కొక్కటే తప్పించుకుంటూ, చెయ్యి బాగానే ఉందని సరిపెట్టుకుంటాం.

నేను ఫిజియోథెరపిస్టుని. ఆంధ్రాలో బీపీటీ చదివాను. పెళ్లయి మస్కట్ వచ్చాక పిల్లలు స్కూలుకి వెళ్లేదాకా ఇంట్లోనే ఉన్నాను. తర్వాత సర్టిఫికెట్ల వెరిఫికేషన్, లైసెన్సు పరీక్ష ముగించుకుని రూవిలో ఒక చిన్న క్లినిక్‌లో చేరాను. చుట్టూ రాతి కొండలు, మధ్యలో బ్యాంకులు, బస్ స్టేషన్, రూవి హై స్ట్రీట్ నిండా బంగారం కొట్లు, బట్టల కొట్లు, మన సరుకుల షాపులు. మా దగ్గరికి టైలర్లు, డ్రైవర్లు, ఆఫీసు ఉద్యోగులు, గృహిణులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు అందరూ వస్తారు.

మేమంతా చేచీ అని పిలిచే కేరళ సీనియర్ ఒకావిడ అక్కడ ఉన్నారు. కాలేజీలో భుజం పరీక్ష అంటే టెస్టుల పేర్లు, వాటిని కనిపెట్టిన డాక్టర్ల పేర్లు. ఆ పరీక్షని మనిషి మీద చేయడం మాత్రం నేను చేచీ దగ్గరే నేర్చుకున్నాను.

చెయ్యి వేసే ముందు

మొదటి వారమంతా ఆవిడ నన్ను చూడమన్నారు, అంతే. హ్యాండ్‌బ్యాగు ఏ భుజానికి ఉంది? అబాయా తీసేటప్పుడు ఏ చెయ్యి ముందు బయటికి వచ్చింది? భుజం బాగాలేనివాళ్లు బాగున్న చేతిని ముందు తీసి, నొప్పి చేతి మీదనుంచి బట్టని జార్చుకుంటారు. ఈ సంగతి వాళ్లకే తెలియదు.

తర్వాత వీపు వైపు నుంచి చూడాలి. రెండు రెక్క ఎముకలూ ఒకే ఎత్తులో ఉన్నాయా, ఒకవైపు కండ తగ్గి గుంట పడిందా? దీనికి భుజం మీద బట్ట తప్పించక తప్పదు. ఇక్కడే ఆడవాళ్లకి ఇబ్బంది. తెర వేయాలి, తువ్వాలు ఇవ్వాలి, ఏం చేయబోతున్నామో చెప్పి, సరేనన్నాకే ముట్టుకోవాలి. ఒమానీ పేషెంట్లని "వేన్ అలమ్?" అని అడుగుతాను, నొప్పి ఎక్కడ అని. చెయ్యి లేపేటప్పుడు "ష్వయ్ ష్వయ్" అంటాను, మెల్లమెల్లగా అని. మన వాళ్లకి తెలుగు వినిపించగానే సగం బిగువు వదులుతుంది. బిగబట్టుకున్న భుజంలో ఏదీ సరిగ్గా తెలియదు కాబట్టి ఇది మర్యాద మాత్రమే కాదు, పరీక్షలో భాగం.

మరో నియమం, ఎప్పుడూ బాగున్న చేతితో మొదలుపెట్టాలి. ఆ మనిషికి మామూలు ఏమిటో తెలిశాకే, రెండో చేతికి ఏం తగ్గిందో తెలుస్తుంది.

మూడుసార్లు అడగాలి

మన ఒంట్లో ఎక్కువ వైపులకి తిరిగే కీలు భుజమే. దాని కట్టుబడి చూస్తే టీ సాసర్ మీద బత్తాయి పండు పెట్టినట్టు ఉంటుంది. చేతి ఎముక తల పెద్దది, అది ఆనుకునే గుంట చిన్నది, లోతు తక్కువ. ఆ బత్తాయి జారిపోకుండా చుట్టూ నాలుగు చిన్న కండరాలు పట్టుకుని ఉంటాయి. వాటినే రొటేటర్ కఫ్ అంటారు. చెయ్యి తలపైకి పూర్తిగా లేస్తే 180 డిగ్రీలు. అందులో దాదాపు 120 అసలు కీలు నుంచి, మిగతా 60 రెక్క ఎముక జరగడం నుంచి వస్తాయి. అందుకే చెయ్యి లేపమన్నప్పుడు నా ఒక అరచెయ్యి పేషెంటు రెక్క ఎముక మీద ఉంటుంది. కీలు కదలకపోతే రెక్క ముందే లేచి, భుజం చెవి వైపు ఎగబాకుతుంది.

ఇక అసలు పరీక్ష. ఒకే కదలికని మూడు రకాలుగా అడుగుతాం. మొదట పేషెంటే లేపాలి. తర్వాత చేతిని వదులుగా వదిలేస్తే నేను లేపుతాను. చివరికి నేను అడ్డం పట్టుకుంటాను, పేషెంటు కదపకుండా నా చేతిని తోయాలి. లండన్‌లోని సెయింట్ థామస్ హాస్పిటల్‌లో పనిచేసిన డాక్టర్ జేమ్స్ సిరియాక్స్ గత శతాబ్దంలో పద్ధతిగా నేర్పిన వరస ఇది. లేపేది కండరం, లేవాల్సింది కీలు. పేషెంటు లేపలేక, నేను లేపితే పూర్తిగా లేచిందంటే కీలు బాగుంది, కండరమో, టెండనో, వాటికి వెళ్లే నరమో దెబ్బతింది. నేను లేపినా అక్కడే ఆగిపోయిందంటే కీలే బిగుసుకుంది.

ఒకే మాట, రెండు జబ్బులు

ఒకే వారంలో ఇద్దరు తెలుగువాళ్లు వచ్చారు. ఇద్దరికీ 50కి అటూ ఇటూ వయసు. ఇద్దరూ చెప్పింది ఒకే మాట: "కుడి చెయ్యి లేవట్లేదు."

మొదటావిడ స్కూల్లో టీచరు. బోర్డు మీద రాయలేకపోతున్నారు. మోచేతులు నడుముకి ఆనించి, ముంజేతులు బయటికి తిప్పమన్నాను. ఎడమది చక్కగా తెరుచుకుంది, కుడిది కొంచెం కదిలి ఆగింది. నేను తిప్పినా అక్కడే ఆగింది. తలుపుకి గొళ్లెం పడ్డట్టు ఉంటుంది ఆ ఆగడం. చేత్తో ఒకసారి తెలుసుకుంటే మరిచిపోలేం. ఎక్స్‌రేలో అరుగుదల లేదు. అది ఫ్రోజెన్ షోల్డర్. బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1934లో పెట్టిన పేరు. కీలు చుట్టూ ఉండే సంచీ వాచి, మందమై, ముడుచుకుపోతుంది. 40 నుంచి 60 ఏళ్లలో, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ. "షుగర్ చూపించుకున్నారా?" అంటే "మూడేళ్లయిందండీ" అన్నారు. డాక్టరు పరీక్ష రాశారు. ఎక్కువే వచ్చింది.

రెండో ఆవిడ కడప జిల్లా నుంచి వచ్చి ఒక ఇంట్లో పనిచేస్తున్నారు. తడిసిన తివాచీ ఎత్తి ఆరేసిన రోజు నుంచి చెయ్యి లేవలేదు. తెలిసినవాళ్లు ఫ్రోజెన్ షోల్డరే అన్నారట, పట్టి లాగి వ్యాయామం చేయించారట. నేను మెల్లగా లేపితే చెయ్యి మొత్తం పైకి వెళ్లింది. "ఇప్పుడు మీరే నిదానంగా దించండక్కా" అని వదిలితే సగంలో జారి పడిపోయింది. స్కాన్ చేయించాక టెండన్ చిరిగిందని తేలింది. ఆవిడ భయం నొప్పి గురించి కాదు. "చెయ్యి పనికిరాదని తెలిస్తే పంపించేస్తారేమోనమ్మా, ఇంటి దగ్గర అప్పుంది" అన్నారు. ఎంతకాలం భుజానికి పైన బరువు ఎత్తకూడదో, ఈలోపు ఏ పనులు చేసుకోవచ్చో డాక్టరు వివరంగా కాగితం రాసిచ్చారు. ఆ ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. మూడు నెలలకి తలకి నూనె రాసుకోగలిగారు. బరువుల విషయంలో జాగ్రత్త మాత్రం ఇంకా ఉంది.

చూశారా, టీచరుగారి కీలుకి కదలిక కావాలి. ఓపిగ్గా, నొప్పి భరించగలిగినంత మేరకే సాగదీయాలి. ఇలాంటి భుజం వదలడానికి చాలామందికి ఏడాది నుంచి మూడేళ్లు పడుతుంది. రెండో ఆవిడ టెండన్‌ని ముందు కాపాడాలి, తర్వాత మెల్లగా బలం పెంచాలి. ఒకరికి చెప్పిన వైద్యం ఇంకొకరికి హాని. వాట్సాప్‌లో వచ్చిన భుజం వ్యాయామాలు మీది ఏ భుజమో అడగవు కదా.

పుస్తకాల్లో ఇంకా చాలా టెస్టులున్నాయి. నీర్, హాకిన్స్, ఖాళీ డబ్బా ఒంపుతున్నట్టు బొటనవేళ్లు కిందికి పెట్టించి చేసే జోబ్ టెస్టు. అన్నీ నేర్చుకున్నాను. కానీ ఏ ఒక్క టెస్టూ విడిగా జబ్బుని తేల్చలేదు. పేషెంటు చెప్పిన కథ, మూడుసార్లు అడిగినప్పుడు చెయ్యి ఇచ్చిన జవాబు, టెస్టు, మూడూ ఒకే మాట చెప్పాలి.

భుజంలో లేని భుజం నొప్పి

కొన్నిసార్లు ఎటు తిప్పినా చెయ్యి హాయిగా తిరుగుతుంది, నొప్పి మాత్రం ఉంటుంది. అప్పుడు వేరే చోట వెతకాలి. మెడ తిప్పితే నొప్పి చేతిలోకి పాకితే అది మెడ నరం కావచ్చు. భోజనం తర్వాత కుడి భుజంలో లాగితే పిత్తాశయం రాళ్లు కావచ్చు. మెట్లెక్కితే భుజం, దవడ, చెయ్యి లాగుతూ ఆయాసం, చెమటలు, వికారం వస్తే అది గుండె కావచ్చు. ఆడవాళ్లలో గుండెపోటు ప్రతిసారీ ఛాతీ పట్టేసే నొప్పితోనే రాదు. అలాంటప్పుడు ఫిజియో దగ్గరికి కాదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరంతో భుజం వాచినా, పడ్డాక ఆకారం మారినా, చెయ్యి తిమ్మిరెక్కి బలం తగ్గినా, బరువు తగ్గుతూ రాత్రిళ్లు నొప్పి పెరుగుతున్నా, రొమ్ము క్యాన్సర్ చికిత్స జరిగినవాళ్లకి కొత్తగా నొప్పి మొదలైనా ముందు డాక్టరుకే చూపించండి.

మీరు వెళ్లేటప్పుడు

నొప్పికి మార్కులు వేయడం కంటే మీరు మానేసిన పనుల పట్టిక తీసుకెళ్లండి. జడ, హుక్కులు, పై అర, కారు సీటు బెల్టు, ఆ పక్కకి తిరిగి పడుకోవడం. షుగర్, థైరాయిడ్ ఉంటే అడక్కముందే చెప్పండి. భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి. చేతులు లేని టాప్ లోపల వేసుకుంటే సుఖం. మహిళా ఫిజియో కావాలని ఫోన్లోనే అడగండి, అందులో మొహమాటం అక్కర్లేదు. రెండు భుజాలూ చూడకుండా, చెయ్యి కదిపి చూడకుండా నేరుగా మెషీన్ పెడుతుంటే "ముందు పరీక్ష చేయండి" అని మర్యాదగానే చెప్పండి.

ఇంట్లో ఒక్కటి చూసుకోవచ్చు. అద్దం ముందు నిలబడి, మోచేతులు నడుముకి ఆనించి, ముంజేతులు తలుపుల్లా బయటికి తెరవండి. ఒక తలుపు రెండోదాని కంటే బాగా ముందే ఆగిపోతుంటే, దాన్ని బలవంతంగా తోయకండి. ఏసీ గాలి అని, వయసు అని, పిల్లల పరీక్షలయ్యాక చూద్దామని వాయిదా వేయకండి. ఈ వారమే చూపించుకోండి.