చేవగల నగలు

బంగారు నగకు ఇనప్పెట్టె వున్నది. ముత్యాల పేటకు మఖమలు డబ్బా వున్నది. తులసి తావళానికీ, గంధపు పూసల దండకూ, ఏటికొప్పాక గాజులకూ మాత్రం అద్దం పక్కన కొట్టిన మేకే గతి. ఆ గోడ వానాకాలంలో చెమ్మగిల్లుతుంది. వేసవిలో కిటికీలోంచి ఎండ తిన్నగా దాని మీదే పడుతుంది. నాలుగేళ్ళకు పూస పగిలితే, "కర్రదేగా, పోతే పోయింది" అనుకుంటాము. ఒట్టి కర్రే అయితే చింత లేదు. చాలా ఇళ్ళల్లో అలా పోయేది ఒక ముసలమ్మ మెడలో నలభై యేళ్ళు మసలిన వస్తువు.

కర్ర నగను కాపాడుకోవాలంటే ముందు కర్ర గుణం తెలియాలి. చెట్టు కొట్టేసినా కర్రకు దాహం తీరదు. గాలిలో చెమ్మ వుంటే పీల్చుకుని ఉబ్బుతుంది. పొడిగా వుంటే ఆ చెమ్మను వదిలి కుంచించుకుపోతుంది. నిలువునా వచ్చే మార్పు లెక్కలోకి రాదు. అడ్డంగా వచ్చేదే అసలు మార్పు. అందులోనూ వలయాల వెంబడి కలిగే కుంచింపు, నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు కలిగే కుంచింపుకు దాదాపు రెట్టింపు వుంటుంది. తరిమెన మీద నిండు చందమామలా తీసిన గాజు కొన్నాళ్ళకు కోడిగుడ్డు వాటం తిరగడానికి కారణం ఇదే. పనివాడు మోసం చేశాడని ఆయన్ను ఆడిపోసుకోకండి.

ఉబ్బడం వల్లా, తగ్గడం వల్లా పెద్ద ప్రమాదం లేదు. అది ఒక్కసారిగా జరగడం వల్లనే పగులుతుంది. పైపొర ఎండి బిగుసుకుంటుంది, లోపలి భాగం ఇంకా తడిగా వుంటుంది. మధ్యలో పూస నెర్రె విచ్చుతుంది. తడిసిన దండను ఎండలో ఆరేయడం, ఏసీ గాలి సూటిగా తగిలేచోట తగిలించడం, ఈ రెండూ దానికి శత్రువులే.

మన భాషలో చెట్టు నడిబొడ్డున వుండే గట్టి కర్రను 'చేవ' అంటారు. చేవగల మనిషి, చేవ చచ్చిన మనిషి అన్న మాటలు అక్కడినుంచి వచ్చినవే. పాఠం చెప్పే అలవాటు కొద్దీ ఇది ఎత్తాను గాని, నగ కొనేటప్పుడు కూడా పనికివచ్చే మాట ఇది. చేవ నుంచి తీసిన పూసను పురుగు అంత తేలికగా ముట్టదు. బెరడు కిందనున్న తెల్లకర్రలో పిండి పదార్థం వుంటుంది కనుక పుచ్చు మొదలయ్యేది అక్కడే.

తులసికి ఆపాటి చేవ కూడా లేదు. అది పొద, కాండం ముదిరి కర్రబారినప్పుడు దానినే పూసలుగా తీస్తారు. తేలిక, మెత్తన. మా అమ్మమ్మకు ఒక తులసి తావళం వుండేది, పూసపూసకూ రెండువైపులా సన్నని బంగారు తొడుగులు వేయించినది. ఆవిడ పోయిన తరవాత అమ్మ దగ్గరకూ, అమ్మ తరవాత మా అక్క దగ్గరకూ వచ్చింది. కిందటేడు అక్క తన కూతురి పెళ్ళికని దాన్ని కంసాలి దగ్గరకు తీసుకువెళ్ళింది. బంగారం కరిగించి గొలుసులో కలుపుదామని ఆవిడ ఉద్దేశం. ఆయన నిజాయితీపరుడు. "అమ్మా, తొడుగులు ఊడదీయాలంటే పూసలు నలిగిపోతాయి. ఒకసారి తీసిన తరవాత మళ్ళీ కూర్చడం నావల్ల కాదు" అన్నాడట. అక్క దాన్ని అలాగే చీరకొంగులో మూటకట్టుకుని మా యింటికి వచ్చింది.

"ఒరే తమ్ముడూ, పిల్లేమో ఇది ఇలాగే కావాలంటుంది. చూస్తే ఆరు పూసలు అప్పుడే పగిలి వున్నాయి. అమ్మమ్మ దీన్ని మెళ్ళో వేసుకునే రోజూ నీళ్ళు పోసుకునేది గదరా, అప్పుడు పగలనివి ఇప్పుడు పగిలాయేం?" అన్నది.

మంచి ప్రశ్న. అమ్మమ్మ మెడలో వున్నన్నాళ్ళూ ఆ పూసలు రోజూ ఒకే రకంగా తడిసేవి, ఒకే రకంగా ఆరేవి. ఒంటి వెచ్చదనం, ఒంటి జిడ్డు వాటికి అండగా వుండేవి. తరవాత పన్నెండేళ్ళు బీరువాలో పడివుండి అవి గుల్లగా ఎండిపోయాయి. పెళ్ళి మాట రాగానే అక్క వాటిని ఒక రాత్రంతా కుంకుడు రసంలో నానబెట్టి, తెల్లవారి మేడమీద ఎండలో పెట్టింది. బంగారానికి తగిన మర్యాద అది, కర్రకు కాదు. తొడుగు కింద బిగిసివున్న పూస ఉబ్బడానికి చోటు లేక లోపల నలిగింది, ఆరేటప్పుడు చీలింది.

చేయగలిగింది కొంచెమే. మెత్తని పొడి కుంచెతో సందుల్లోని మురికి దులిపాము. బంగారపు తొడుగులను మాత్రం కాస్త తడి అద్దిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దాము. పాత నూలుదారం చీకిపోయింది. దాన్ని తీసేసి గట్టి పట్టుదారంతో, పూసకూ పూసకూ నడుమ ముడి వేయించి గుచ్చించాము. ఆ ముడి వుంటే పూసలు ఒకదానినొకటి ఒరుసుకోవు, దారం తెగినా ఒకటో రెండో జారతాయి గాని దండంతా నేలపాలు కాదు. చీలిన ఆరు పూసలను మెడ వెనక భాగానికి జరిపించాము. కొత్తవి వేయిద్దామంటే మేనకోడలు ఒప్పుకోలేదు.

గంధపు పూసల సంగతి వేరు. వాటికి కావలసిన తైలం వాటిలోనే వున్నది. వాసన తగ్గిందని కొందరు కొబ్బరినూనె రాస్తారు, మరికొందరు అత్తరు చల్లుతారు. కొబ్బరినూనె ఎన్నటికీ ఆరదు. దుమ్ము పట్టి, కొన్నాళ్ళకు కనరు వాసన కొడుతుంది. అసలు తైలం ఎక్కడికీ పోలేదు, పైపొరలోది ఆవిరైపోయింది అంతే. పొడి ఊలుగుడ్డతో గట్టిగా రుద్దితే పూస వెచ్చబడి మళ్ళీ పరిమళిస్తుంది. అప్పటికీ కాకపోతే వడ్రంగులు వాడే గరుకు కాగితంలో అతి సన్ననిది తీసుకుని, ఒక్కొక్క పూసనూ తేలికగా రెండు చుట్లు తిప్పితే చాలు. తెల్లకర్రను అత్తరులో ముంచి గంధమని అమ్మినదైతే ఎంత రుద్దినా పలకదు. దాచేటప్పుడు మూత బిగువైన డబ్బాలో దాచండి. ఆ దరిదాపుల్లోకి కలరా ఉండలు రానీయకండి.

ఎర్రచందనం మన శేషాచలం కొండల సొత్తు. దీనికి చెప్పుకోదగిన వాసన లేదు, రంగే దాని సొగసు. ఆ రంగు చన్నీళ్ళలో ఇంచుమించు కరగదు గాని స్పిరిటులో కరుగుతుంది. కాబట్టి సెంటు కొట్టుకుని, అది ఆరకముందే ఈ దండ వేసుకుంటే తెల్ల రవికె మీద గుర్తు మిగులుతుంది. కొనేటప్పుడు రసీదు అడిగి తీసుకోండి. ఆ చెట్ల దొంగరవాణా సంగతి అందరికీ తెలిసిందే.

స్పిరిటు అన్నాను కనుక ఏటికొప్పాక గాజుల మాట ఇక్కడే చెప్పాలి. వరాహనది ఒడ్డునున్న ఈ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోది. 2022 దాకా విశాఖ జిల్లాలో వుండేది. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కకడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో ఒత్తి మెరుగు పెడతారు. వార్నీషులు వుండవు.

రాపిడికే కరిగే లక్క పొయ్యి సెగకు మాత్రం నిలుస్తుందా? మరుగుతున్న గిన్నె మీద చెయ్యి చాపితే మెత్తబడుతుంది. వేసవిలో తలుపులు వేసిన కారులో వదిలినా అంతే. అంతకంటె పెద్ద గండం 2020లో కరోనాతో ఇంటింటికీ వచ్చింది. చేతులకు రాసుకునే శానిటైజరులో అధికభాగం ఆల్కహాలు. లక్క అందులో కరుగుతుంది. గాజులు తీయకుండా రాసుకున్నవారి గాజులు జిగురెక్కి, మెరుపు పోయి, ఒకదానికొకటి అంటుకున్నాయి. అలా చెడినదానిపై బజారు వార్నీషు పూయకండి. లక్కపని తెలిసినవారికిస్తే మళ్ళీ తరిమెన ఎక్కించి కొత్త పూత వేయగలరు. పసుపు వంటి చెట్టూచేమల రంగులు ఎండకు వెలుస్తాయి కూడా. అందుకని వీటిని గాజు అలమారులో కిటికీకి ఎదురుగా పెట్టవద్దు.

పూత లేని, వాసన లేని మామూలు కర్ర నగ పాలిపోతే అప్పుడు నూనె పెట్టవచ్చు. ఆరే నూనె కావాలి, అంటే అవిసెనూనె. ఒక వంతు తేనెమైనం, మూడు నాలుగు వంతుల అవిసెనూనె వేడినీళ్ళ గిన్నెలో వుంచి కరిగించి, చల్లారాక గుడ్డతో పలచగా రాసి, పావుగంట తరవాత పూర్తిగా తుడిచేయాలి. మిగిలిన తడి గుడ్డను ఉండచుట్టి మూల పడేయవద్దు. అవిసెనూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. అలాంటి గుడ్డలు వాటంతట అవే అంటుకుని ఇళ్ళు కాలిన సందర్భాలున్నాయి. నీళ్ళలో తడిపి, విప్పి, ఆరుబయట ఆరేయండి. తులసికీ గంధానికీ ఈ నూనె వద్దు.

డబ్బా అడుగున పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు పట్టిందన్నమాట. ఎండలో పెడితే పురుగు చావడం మాట ఎలా వున్నా కర్ర పగలడం ఖాయం. ఆ నగను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, ఫ్రిజ్‌లో మంచుగడ్డలు కట్టే అరలో రెండు వారాలు వుంచాలి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు. ఒక పూట అలాగే వదిలి, చల్లదనం పూర్తిగా పోయిన తరవాత విప్పాలి. లేకపోతే మంచు నీరై పూసలమీదే పడుతుంది. లక్కగాజులకు మాత్రం ఈ చలివైద్యం చేయకండి, పూత చిట్లవచ్చు.

దారం మార్చడం ఎప్పుడంటారా? పూసలను పక్కకు జరిపినప్పుడు దారం నూగుగా కనిపిస్తే ఇక ఆలస్యం వద్దు. ఇంట్లోనే గుచ్చుకునేవారు ఒడిలో లోతైన పళ్ళెం పెట్టుకుని, అందులో తువ్వాలు పరచుకుని కూర్చోండి. తులసిపూస నేలమీద పడితే చప్పుడు కూడా చేయదు.