నిక్సీ ట్యూబు

నిక్సీ ట్యూబు అనేది అంకెలను నారింజ రంగు వెలుగుతో చూపించే ఒక గాజు గొట్టం. అమెరికాకు చెందిన బరోస్ సంస్థ 1955లో దీనిని ప్రవేశపెట్టింది. 1970వ దశకంలో ఎల్.ఇ.డి.లు వ్యాపించడంతో కొలత పరికరాలలో దీని వాడకం తగ్గిపోయింది. అభిరుచి కొద్దీ గడియారాలు తయారుచేసుకొనేవారు మాత్రం వీటిని నేటికీ వాడుతున్నారు.

పనిచేయు విధానం

చూడటానికి రేడియో వాల్వు వలె ఉన్నా ఇందులో వేడెక్కే ఫిలమెంటు లేదు. గొట్టంలో తక్కువ పీడనం వద్ద ప్రధానంగా నియాన్ వాయువు ఉంటుంది. 0 నుండి 9 వరకు అంకెల ఆకారంలో ఉన్న పది సన్నని లోహపు ఋణధ్రువాలు ఒకదాని వెనుక ఒకటి అమర్చబడి ఉంటాయి. ముందున్న లోహపు జల్లెడ ధనధ్రువం. జల్లెడకు, కావలసిన అంకెకు మధ్య సుమారు 170 వోల్టుల విద్యుత్తు ఇచ్చినప్పుడు ఆ అంకె చుట్టూ ఉన్న వాయువు అయనీకరణం చెంది వెలుగుతుంది.

వాడని అంకెలు చెడిపోవుట

వెలిగే అంకె నుండి వెలువడిన లోహ కణాలు వెలగని అంకెలపై పేరుకుంటాయి. అందువలన ఎక్కువ కాలం వాడని అంకె, తరువాత అక్కడక్కడ మాత్రమే వెలుగుతుంది. ఉదాహరణకు 24 గంటల గడియారంలో గంటల పదుల స్థానంలో 0, 1, 2 తప్ప మరే అంకె రాదు. ఆ గొట్టాన్ని మరొక స్థానానికి మార్చినప్పుడు ఈ లోపం బయటపడుతుంది. దీని నివారణకు రోజూ కొంతసేపు అన్ని అంకెలూ వరుసగా వెలిగేలా గడియారాన్ని అమరుస్తారు. సోవియట్ కాలపు ఐ.ఎన్.-14 వంటి గొట్టాలు పాత నిల్వల నుండే లభిస్తాయి కనుక ఈ జాగ్రత్త ముఖ్యం.

జాగ్రత్తలు

ఈ వోల్టేజి ప్రాణాపాయం కలిగించగలదు. విద్యుత్తు ఆపివేసిన తరువాత కూడా కెపాసిటర్లలో ఆవేశం కొంతసేపు నిలిచి ఉంటుంది. చాలా రకాలలో స్వల్పంగా పాదరసం కూడా ఉంటుంది కాబట్టి పగిలిన గొట్టాన్ని చేతితో తాకరాదు.