పానా ఎవరి చేతిలో?

ట్రాక్టర్‌లోకి కంప్యూటర్ వచ్చింది. దాన్ని బాగుచేసుకునే హక్కుకు అమెరికాలో చట్టం తోడైంది. మన దేశంలో వ్యవహారం పోర్టల్ దగ్గరే ఆగింది.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఖరీఫ్ వరి కోతలు, తుపాన్లు దాదాపు ఒకే కాలంలో వస్తాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నేలవాలింది. అలాంటి రోజుల్లో కోత మిషన్ ఒక్క పూట మొరాయించినా పంట నీటిపాలే. ఇన్నాళ్లూ రైతుకున్న ధీమా ఊళ్లోని మెకానిక్, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో దొరికే విడిభాగాలు.

ఆ ధీమా సడలే రోజులొస్తున్నాయి. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వర్తిస్తున్నాయి. దాంతో కామన్ రైల్ ఇంజన్లు, వాటిని నియంత్రించే ఎలక్ట్రానిక్ యూనిట్లు వచ్చాయి. లోపం పట్టుకోవాలంటే పానా చాలదు, సాఫ్ట్‌వేర్ కావాలి. అది డీలర్ గుప్పిట్లో ఉంటుంది. దేశంలో అమ్ముడయ్యే ట్రాక్టర్లలో అత్యధికం 50 హార్స్‌పవర్ లోపువే కాబట్టి సమస్య తీవ్రత ఇంకా తెలిసిరాలేదు.

అమెరికా రైతులకు తెలిసొచ్చింది. మాన్యువళ్లు, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్‌లను రైతులకు, బయటి మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలంటూ కొలరాడో రాష్ట్రం 2023లో చేసిన చట్టం 2024 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మరమ్మతులపై గుత్తాధిపత్యం చలాయిస్తోందంటూ జాన్ డీర్ కంపెనీపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో దావా వేసింది. సాఫ్ట్‌వేర్ తాళాలు తీస్తే భద్రతకు, కాలుష్య నియంత్రణకు ముప్పన్నది తయారీదారుల వాదన. అందుకే ఆ రెంటి జోలికి వెళ్లే మార్పులను కొలరాడో చట్టం అనుమతించలేదు.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో నిధి ఖరే అధ్యక్షతన కమిటీ వేసింది. గుర్తించిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ ప్రారంభమైంది. 2025లో అందిన మరమ్మతు సూచీ నివేదిక మాత్రం మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులకే పరిమితమైంది. చట్టం ఊసు లేదు.

చట్టం లేకున్నా దారి లేకపోలేదు. విడిభాగాలు, లోపాలు పసిగట్టే పరికరాలను బయటి మార్కెట్‌కు దక్కనివ్వనందుకు కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు దాదాపు రూ. 2,545 కోట్ల జరిమానా వేసింది. కాకపోతే ఆ ఫిర్యాదు దాఖలైంది 2011లో. కారు యజమాని మూడేళ్లు ఆగగలడేమో, కోతకొచ్చిన చేను మూడు రోజులు కూడా ఆగదు.