నూరరాని మాత్రలు

మేము ఇటీవల ప్రత్తి చేల ప్రదర్శనమునకై ఒక గ్రామమునకు పోయియుండగా, మాకు ఆతిథ్యమిచ్చిన వృద్ధ రైతుగారు మధుమేహపు మాత్రను కల్వములో నూరి మజ్జిగతో త్రాగుచుండుట చూచితిమి. మ్రింగుట కష్టమనియు, త్రాగినది మొదలు కడుపులో త్రిప్పి విరేచనములగుచున్నవి గావున మందునే మానివేయదలచితిననియు ఆయన చెప్పిరి. మాత్రల అట్టపై ఎస్.ఆర్. అను అక్షరములుండెను. మందును నూరి పుచ్చుకొనుట మనకు పూర్వమునుండి వాడుకయే. కాని యిట్టి మాత్రలను నూరినచో కీడు కలుగును. కారణమును సభ్యులు తెలిసికొనవలెను.

సబ్జా గింజలను నీటిలో వేసినచో గింజచుట్టును జిగురుపొర ఉబ్బును గదా! ఈ మాత్రలలో పెక్కింటియందు జరుగునదియు నట్టిదే. మందుతో హైప్రోమెలోజ్ అను పొడిని కలిపి గట్టిగా నొత్తి వీనిని చేయుదురు. ప్రత్తిగింజల నంటియుండు నూగునుండిగాని కొయ్యగుజ్జునుండిగాని తీసిన సెల్యులోజును రసాయనములతో మార్చగా ఆ పొడి వచ్చును.

మాత్ర కడుపులోనికి పోగానే దాని పైభాగము నీటిని పీల్చి జిగురుపొరగా మారును. ఆ పొర లోపలికి నీటిని ఒక్కసారిగా పోనీయదు. మెల్లగా చేరిన నీటిలో మందు కరగి, ఆ జిగురుగుండనే మెల్లగా వెలికి వచ్చును. పైపొర కరగిపోవుచుండగా లోపలి భాగము ఉబ్బుచుండును. తూమును కొద్దిగా తెరచినచో చెరువునీరు దినమంతయు పారునట్లు, మందును గంటల తరబడి వచ్చును. అందుచేతనే, దినమునకు రెండు మూడుమారులు వేసికొనవలసిన మెట్‌ఫార్మిన్‌ను ఈ రూపమున సాధారణముగా ఒక్కమారు వేసికొనిన చాలును.

నూరుట చెరువుకట్టను తెగగొట్టుటయే. దినమంతటి మందు ఒక్కసారిగా వెలువడి, తరువాతి గంటలకు చాలకపోవును. మెట్‌ఫార్మిన్ ఐనచో కడుపు చెడును. రక్తపుపోటునకిచ్చు నిఫెడిపిన్ ఐనచో పోటు హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయమే కలుగవచ్చును.

కావున ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఆర్. అని యున్న మాత్రలను నమలక, నూరక, నీటితో మ్రింగవలెను. వైద్యుడు చెప్పనిదే విరువనైనను రాదు. ఒక్కొక్కప్పుడు మలములో మెత్తని మాత్రవంటిది కనబడవచ్చును. అది మందు విడిచిన జిగురే గాని వేరు కాదు. అరుగలేదని తలచి రెండవ మాత్ర వేసికొనరాదు.

మ్రింగలేనివారు ఆ సంగతిని వైద్యునితో చెప్పవలెను. పైని చెప్పిన రైతుగారు మా మాట విని అట్లే చేయగా, వైద్యుడు నూరుటకు వీలైన వేరు మాత్రలను దినమునకు రెండుమారులుగా వ్రాసియిచ్చెను. ఆయన మందు మానలేదు.